దూరదేశాల భూగోళం: ఎంత తెలిస్తే చాలు?

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. అమెరికాలోని భారతీయ సరుకుల దుకాణాల ముందు జనం బారులు తీరారు. సింగపూర్ సంగతి కొంత వేరు. ఈ ద్వీపం తినే ఆహారంలో తొంభై శాతానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. అంతకు ముందు సంవత్సరం ఇక్కడికి దిగుమతి అయిన బియ్యంలో సుమారు 40 శాతం భారతదేశానిది. అయితే బియ్యం వర్తకులు రెండు నెలలకు సరిపడే నిల్వ ఎల్లప్పుడూ ఉంచితీరాలన్న నిబంధన ఇక్కడ చాలాకాలంగా అమలులో ఉన్నది. ఆ ఆగస్టు చివర భారతదేశం సింగపూర్‌కు 50,000 టన్నుల బియ్యాన్ని ప్రత్యేకంగా అనుమతించింది. 2024 సెప్టెంబరులో నిషేధమే తొలగిపోయింది.

ఆ కొద్ది వారాలలో ఎన్ని తెలుగు ఇళ్ళలో 'మన సోనా మసూరి' అన్న మాట దొర్లిందో లెక్కించడం కష్టం. సెరంగూన్ రోడ్డు దుకాణాలలో పది కిలోల సంచి భుజాన వేసుకొని ఇంటికి చేర్చే గృహస్థు దృష్టిలో ఆ బియ్యం అచ్చమైన తెలుగు పంట. తుంగభద్ర, కృష్ణ, గోదావరి నీళ్ళతో పండినది గనుక ఆ భావన తప్పు కాదు. కాని ఆ పేరులోని రెండవ మాట పుట్టినది తెలుగునాట కాదు. అది పుట్టిన చోటు సింగపూర్ నుంచి సుమారు 700 కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

మలేషియా వాయవ్యపు కొసన, థాయిలాండ్ సరిహద్దుకు చేరువలో లంకావి అనే ద్వీపం ఉంది. సెలవులలో సింగపూర్ తెలుగు కుటుంబాలు సముద్రతీర విహారానికి అక్కడికి వెళ్ళివస్తూనే ఉంటాయి. అక్కడ ఒక సమాధి ఉన్నది. దానిని మహ్‌సూరి అనే స్త్రీ సమాధి అంటారు. నిరపరాధిని అయిన ఆ ఇల్లాలిపై వ్యభిచార నింద మోపి మరణశిక్ష విధించారనీ, కత్తి దిగినప్పుడు ఆమె దేహం నుంచి తెల్లని రక్తం చిందిందనీ, ఏడు తరాల దాకా ఆ ద్వీపం బాగుపడదని ఆమె శపించిందనీ స్థానికులు చెప్పుకొనే గాథ. 1965లో మలేషియాలో విడుదలైన ఒక వరి వంగడానికి ఆమె పేరు పెట్టారు. సమాధి చూసి, ఫోటోలు దిగి వచ్చిన వారిలో ఎందరికి తమ వంటింటి డబ్బాలోని బియ్యం గుర్తుకు వచ్చి ఉంటుంది?

ఆ వంగడం కథ లంకావి కన్నా ముందే, కటక్‌లో మొదలయింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఆసియా అంతటా తిండి కరువు పొంచి ఉండేది. ఉష్ణమండలపు ఇండికా రకాలు పొడవుగా పెరుగుతాయి. నత్రజని ఎరువు కాస్త ఎక్కువ వేస్తే పైరు ఏపుగా పెరిగి నేలకు ఒరిగిపోతుంది. జపాన్, తైవాన్‌ల జపానికా రకాలు పొట్టివి, ఎరువును గింజగా మార్చుకొనే శక్తి కలవి. కాని వాటి అన్నం జిగురుగా ఉంటుంది, వేడి దేశాల తెగుళ్ళను అవి తట్టుకోలేవు. ఈ రెండింటినీ సంకరం చేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తలపెట్టింది. 1950ల ఆరంభంలో ఆ బాధ్యత కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు దక్కింది. అక్కడ సంకరం చేసిన విత్తనాలను ఆయా దేశాలకు పంపి, ఆయా నేలలలో ఎంపిక చేసుకొమ్మన్నారు.

తైవాన్ వంగడమైన తైచుంగ్ 65నూ, మలయాకు చెందిన మాయాంగ్ ఎబోస్ 80నూ కలిపిన సంకరం అలా మలయా చేరింది. పెనాంగ్ ఎదుటి ప్రధాన భూభాగంలోని పరిశోధన క్షేత్రంలో జపాన్ నిపుణుల తోడ్పాటుతో దానిని వడపోశారు. 1964లో 'మలింజా', మరుసటి సంవత్సరం 'మహ్‌సూరి' వెలువడ్డాయి. మలింజా అన్న పేరు మలయా, ఇండియా, జపాన్‌ల తొలి అక్షరాల కూర్పు. అంత పెద్ద ప్రణాళికలో రైతుల పొలాల దాకా నిలిచిన వంగడాలు వేళ్ళమీద లెక్కించదగినవే. వాటిలో మహ్‌సూరి ఒకటి.

1960ల చివరికి మహ్‌సూరి భారతదేశానికి తిరిగివచ్చింది. ఆంధ్ర రైతులు దానిని 'మసూరి' అన్నారు. సన్నని గింజ, మెత్తని అన్నం వారికి నచ్చాయి. బాపట్ల పరిశోధన కేంద్రంలో సోనా, మసూరి అనే రెండు వంగడాల సంకరంతో సోనా మసూరి వచ్చింది. 1986లో అదే కేంద్రం నుంచి బి.పి.టి. 5204 అనే సంఖ్య గల సాంబ మసూరి విడుదలయింది. దాని వంశవృక్షంలోనూ మహ్‌సూరి ఒక కొమ్మ. నేడు సోనా మసూరి అని అమ్ముడుపోయే సంచులలో సాంబ మసూరి కూడా చాలానే ఉంటుంది. సింగపూర్‌లో పక్కింటి తమిళులు వండుకొనే పొన్ని బియ్యం సైతం ఈ మహ్‌సూరి నుంచి ఎంపిక చేసినదే. పొన్ని అంటే కావేరికి మరొక పేరు. లంకావి ఇల్లాలు తమిళదేశం చేరి నది పేరు పెట్టుకొన్నదన్నమాట.

కథ అక్కడితో ఆగలేదు. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమూ వరి పరిశోధన సంచాలనాలయమూ కలిసి ఆ తెగులును తట్టుకొనే మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో తెచ్చాయి. అందులో చేర్చిన మూడు నిరోధక జన్యువులలో ఒకటి, పశ్చిమాఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చినది. కటక్, తైవాన్, పెనాంగ్, బాపట్ల, మాలి: తెలుగువాడి పళ్ళెంలో ఇన్ని చోట్లు ఉన్నాయి. థాయ్ జాస్మిన్ బియ్యపు అన్నం ముద్దకట్టడమూ, సోనా మసూరి పలుకు పలుకుగా విడిపోవడమూ వండేవారందరికీ తెలిసిన విషయమే. పిండిపదార్థంలో అమైలోజ్ అనే పొడుగాటి గొలుసు అణువు ఎంత పాలు ఉన్నదన్న దానిపై ఆ తేడా ఆధారపడి ఉంటుంది. జపానికా వంశంలో ఆ పాలు తక్కువ. సంకరం చేసినవారు ఆ గుణాన్ని వదిలి మిగిలిన గుణాలను పట్టుకోవడానికి ఎన్ని తరాల పైరు వడపోశారో ఊహించవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దూరదేశాల భూగోళం సామాన్యునికి ఎంత తెలియాలి? లంకావి ఎక్కడున్నదో, మాలి రాజధాని ఏదో తెలియకపోతే అన్నం అరగదా? అరుగుతుంది. ఈ ప్రశ్నను చాలామంది ఇక్కడే వదిలివేస్తారు. తెలిసినవాడిని విజ్ఞాని అనడం, తెలియనివాడిని చూసి నవ్వడం తప్ప, ఎందుకు తెలియాలి అన్న విచారణ జరగదు.

ఒకప్పటి తెలుగు రేవులలో ఆ విచారణ అవసరం లేకపోయింది. అక్కడ దూరదేశపు భూగోళం అంటే సుంకం లెక్క. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ప్రసిద్ధమైనది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకొనే పూర్వాచారాన్ని రద్దు చేసి, విదేశీ వర్తకులకు అభయమిచ్చిన శాసనమది. దానిలో సుంకం విధించవలసిన సరుకుల జాబితా ఉన్నది. అందులో కర్పూరం, చీని కర్పూరం రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

రసాయనశాస్త్రం దృష్టిలో ఆ విభజన ఆషామాషీది కాదు. చైనా, తైవాన్‌ల కర్పూర వృక్షపు కలపను ఆవిరి పట్టించి తీసే కర్పూరం ఒక కీటోను. సుమత్రా, బోర్నియో అడవులలోని మహావృక్షాల మానులలో చీలికల మధ్య పలుకులుగా పేరుకొనేది మరొకటి. దాని పేరు బోర్నియోల్, అది ఆల్కహాలు జాతిది. దేశీయ వైద్యులు భీమసేనీ కర్పూరం అనేది దీనినే. ఒక అణువులో 16 హైడ్రోజన్ పరమాణువులు, మరొకదానిలో 18. రెండూ తెల్లనివి, రెండూ ఘుమఘుమలాడేవి. ఆ రెండు హైడ్రోజన్‌ల తేడాను పదమూడవ శతాబ్దపు సుంకరి వాసనతో, పలుకు తీరుతో, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ ఓడ ఏ రేవు నుంచి వచ్చిందన్న ఎరుకతో పట్టుకొనేవాడు. సుమత్రా పశ్చిమ తీరంలోని బారుస్ రేవు ఈ కర్పూరానికి పుట్టినిల్లు. మలయ భాషలో కర్పూరాన్ని నేటికీ 'కాపుర్ బారుస్' అంటారు. అక్కడ దక్షిణ భారత వర్తక శ్రేణి వేయించిన 1088 నాటి తమిళ శాసనం దొరికింది.

మోటుపల్లి ఈనాడు బాపట్ల జిల్లాలోనే ఉన్నది. దానికి ఉత్తరాన, గోదావరి ముఖద్వారంలోని కోరంగి మరొక రేవు. బర్మాలో భారతీయ కూలీలకు 'కోరంగీ'లన్న పేరు, మలయ దేశంలో 'క్లింగ్'లన్న పేరు స్థిరపడినాయంటే కోరంగి, కళింగ తీరాల వారు ఎంతగా రాకపోకలు సాగించారో తెలుస్తుంది. సింగపూర్ నడిబొడ్డున ఉన్న చూలియా వీధి ఒకప్పుడు క్లింగ్ వీధి. ఆ మాట కాలక్రమేణా తిట్టుగా మారినందున 1920లలో పేరు మార్చారు. కోరంగిని 1789లోనూ, 1839లోనూ తుపానులు ముంచివేశాయి. రేవు పోయింది, దానితోపాటు ఆ ఎరుకా పోయింది. ఏ నెలలో ఏ గాలి ఎక్కడికి తీసుకుపోతుందో తెలిసిన సరంగుల మనుమలు తరువాత బడిలో భూగోళాన్ని కంఠస్థం చేశారు.

ఆ కంఠస్థాన్ని ఎగతాళి చేయడం నేటి విద్యావేత్తలకు అలవాటయింది. దేశం, రాజధాని, ముఖ్య పంటలు, ఖనిజాలు అంటూ వల్లించిన తరానికి దాని వల్ల ఒరిగినది స్వల్పమే కావచ్చు. కాని పేరు తెలియని చోటును గురించి ఆలోచించడం అసాధ్యం. పేరు అనేది కొక్కెం వంటిది, దానికి ఏమీ తగిలించకపోవడం ఆ పాత చదువులోని లోపం. సింగపూర్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో చిక్కు ఇందుకు తలకిందులు. సిలికాన్ వ్యాలీ, లండన్, సిడ్నీ వారికి పెరటి తోటలు. నడిసముద్రం దాటకుండా పడవలో చేరుకోగల రియావు దీవుల పేరు మాత్రం చాలామందికి తెలియదు. అమ్మమ్మ ఊరు విజయవాడకు ఏ దిక్కున ఉన్నదన్నా తడబడతారు. దూరం, దగ్గర అన్న మాటలకు వారి మనసులలో అర్థం మారిపోయింది. విమానం నేరుగా వెళ్ళేది దగ్గర, వెళ్ళనిది దూరం.

రసాయనశాస్త్రంలో దీనికొక పోలిక ఉంది. 118 మూలకాల గుణాలన్నీ ఎవరూ వల్లించరు. ఆవర్తన పట్టికలో ఏ నిలువు వరుస ఎటువంటిదో తెలిస్తే, మిగిలినది చాలావరకు ఊహించవచ్చు. అల్యూమినియం కింద ఖాళీగా ఉన్న గడిలో ఉండవలసిన మూలకానికి మెండెలీవ్ 'ఏక-అల్యూమినియం' అని సంస్కృత సంఖ్యతో పేరు పెట్టి, దాని సాంద్రత 5.9 ఉండాలని ముందే చెప్పాడు. 1875లో గాలియం దొరికినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 4.7 అని కొలిచాడు. మళ్ళీ కొలవమని మెండెలీవ్ జాబు రాశాడు. కొలిస్తే 5.9 వచ్చింది. భూగోళానికి కూడా ఇటువంటి పట్టిక ఒకటి ఉన్నది: అక్షాంశం, సముద్రానికి ఏ వైపున ఉన్నదన్న సంగతి, గాలి వీచే దిక్కు. ఈ మూడూ తెలిస్తే చూడని దేశం గురించి సగం చెప్పవచ్చు.

సింగపూర్ అక్షాంశం 1 డిగ్రీ 20 కళల ఉత్తరం, అంటే భూమధ్యరేఖకు సుమారు 150 కిలోమీటర్లు. ఈ ఒక్క అంకె నుంచి ఎన్నో సంగతులు రాలుతాయి. ఇక్కడ సంవత్సరం పొడవునా పగటి నిడివి పది నిమిషాల లోపే మారుతుంది. హైదరాబాదులో వేసవి పగటికీ శీతకాలపు పగటికీ సుమారు రెండు గంటల తేడా. ఇక్కడ ఉదయం ఏడింటికి గాని తెల్లవారదు. దానికి మాత్రం ప్రకృతి కారణం కాదు. 1982 జనవరి 1న మలేషియాతోపాటు గడియారాన్ని అరగంట ముందుకు జరిపిన ఫలితమది. కొత్తగా వచ్చిన తెలుగువారు మొదటి వారంలో దీనికి ఆశ్చర్యపడి, రెండవ వారంలో మరచిపోతారు.

గాలి సంగతి మరింత తమాషాగా ఉంటుంది. జూన్‌లో కాకినాడ నుంచి అమ్మమ్మ ఫోనులో "నైరుతి వచ్చేసిందిరా, మీకూ వానలేనా?" అని అడుగుతుంది. "లేదమ్మమ్మా, ఇక్కడ ఎండ మండిపోతోంది" అంటాడు మనుమడు. ఇద్దరూ చెప్పేది నిజమే. సింగపూర్‌లోనూ ఆ నెలలలో నైరుతి గాలులే. కాని ఆ గాలి ఇక్కడికి చేరేలోగా సుమత్రా పర్వతాలను దాటివస్తుంది, తేమలో కొంత అక్కడే వదిలివేస్తుంది. సింగపూర్‌ను తడిపి ముద్దచేసేది దక్షిణ చైనా సముద్రం మీదుగా వచ్చే ఈశాన్యం, అందులోనూ డిసెంబరు. పేరు ఒకటే, గాలి ఒకటే, ఫలితాలు వేరు.

తుపానుల విషయమూ అంతే. దివిసీమ ఉప్పెన చూసిన తరం వారికి నవంబరు నెల అంటే గుండె దడ. సింగపూర్ వారికి ఆ దడ లేదు. భూభ్రమణం గాలిని సుడి తిప్పే శక్తి భూమధ్యరేఖ వద్ద సున్నా, ఐదు డిగ్రీల లోపల తుపాను పుట్టదని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 2001 డిసెంబరులో 1.4 డిగ్రీల వద్ద 'వామెయ్' అనే తుపాను పుట్టి, 27వ తేదీన సింగపూర్‌కు ఈశాన్యంగా జోహోర్ తీరం తాకింది. చలిగాలి ఉప్పెనలా బోర్నియో పక్కగా దిగివచ్చి, ఇరుకైన సముద్రంలో సుడి తిరగడం దానికి కారణమని తరువాత తేల్చారు. పట్టిక ఊహకు సాయపడుతుంది గాని, చోటును ప్రత్యేకంగా ఎరిగి ఉండడానికి బదులు కాజాలదు.

ఎరగకపోవడం వల్ల ఊపిరే ఆడని సందర్భం సింగపూర్‌కు తెలుసు. 1997లోనూ, 2013లోనూ, 2015లోనూ పొగ ఈ ద్వీపాన్ని కప్పివేసింది. 2013 జూన్ 21న వాయుకాలుష్య సూచిక 401కి చేరింది. 300 దాటితేనే అపాయకరమని లెక్క. 2015 సెప్టెంబరు 25న పాఠశాలలు మూసివేశారు. కిటికీలు బిగించుకొని కూర్చున్న కుటుంబాలు ఆ రోజులలో పటం తెరచి రియావు, జాంబి, పాలెంబాంగ్ ఎక్కడున్నవో వెదికాయి.

అక్కడ కాలేది అడవి మాత్రమే అయితే అంత పొగ రాదు. కాలేది నేల. సుమత్రా తూర్పు తీరపు పల్లపు భూములలో వేల సంవత్సరాలుగా చెట్ల మానులు, వేళ్ళు, ఆకులు నీటిలో మునిగి ఉన్నాయి. నీటి అడుగున ఆక్సిజన్ అందక అవి పూర్తిగా కుళ్ళలేదు. పొర మీద పొరగా కొన్ని చోట్ల పది మీటర్ల మందాన పేరుకొన్న ఆ పదార్థాన్ని పీట్ అంటారు. ఎండితే దాని బరువులో సగానికి పైగా కార్బనే. బొగ్గు కావడానికి బయలుదేరి దారిలో ఆగిపోయిన పదార్థమది. నీరు నిండి ఉన్నంతకాలం దానికి నిప్పు అంటదు. తోటల కోసం కాలువలు తవ్వి నీటిని తోడివేస్తే పై పొర ఎండిపోతుంది. ఒకసారి రాజుకొంటే మంట కనిపించదు. భూమి లోపల కుమ్ములా నెలల తరబడి రగులుతుంది. వేడి చాలక, గాలి చాలక కార్బన్ పూర్తిగా దహనం కాదు. అందువల్ల కార్బన్ మోనాక్సైడ్, సన్నని తారు తుంపరలు, కలపలోని సెల్యులోజ్ విరిగి పుట్టే లీవోగ్లూకోసాన్ వంటి అణువులు పొగగా లేస్తాయి. సింగపూర్ గాలిలో ఆ చివరి అణువు ఎక్కువగా కనిపిస్తే అది కార్ల పొగ కాదు, కట్టె పొగ అని రసాయనజ్ఞులు గుర్తుపడతారు. పై వాన ఎంత కురిసినా, భూగర్భ జలం మళ్ళీ పైకి లేచేదాకా ఆ నిప్పు ఆరదు. ఇక మిగిలిన పని నైరుతి గాలిది.

ఆ తోటలలో చాలా భాగం ఆయిల్ పామ్. 1980ల నుంచి తెలుగునాట చౌకడిపోలలో 'పామాయిల్' ఇంటింటి మాట. లోకంలో పామాయిల్‌ను అన్నిటికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకొనేది భారతదేశం. అందులో అధికభాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే. ప్రతి నూనె ప్యాకెట్టూ కాల్చిన నేల నుంచి వచ్చినదని చెప్పడం అన్యాయం. చట్టబద్ధంగా, శ్రద్ధగా సాగయ్యే తోటలు ఎన్నో ఉన్నాయి. అయినా ఏలూరులో మూకుడులో కాగే నూనెకూ, సింగపూర్‌లో మనుమడి దగ్గుకూ ఒకే పల్లపు నేల మూలమయ్యే అవకాశం ఉన్నది. 2014లో సింగపూర్ పార్లమెంటు, పొరుగుదేశంలో నిప్పుపెట్టి ఇక్కడికి పొగ పంపిన సంస్థలను శిక్షించే చట్టం చేసింది. చట్టాన్ని ప్రయోగించాలంటే ఏ కమతం ఎవరిదో తెలియాలి. అదీ భూగోళమే.

ఈ పొగ సంవత్సరాలకు మరొక దూరపు మూలం ఉన్నది. పెరూ వైపు పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో వల్ల ఇండోనేషియా ఎండిపోతుంది, తరచుగా తెలుగు నేల కూడా. 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ ప్రపంచంలోని నానాప్రాంతాల వాయుపీడనాలను పోల్చి, హిందూమహాసముద్రపు పీడనమూ పసిఫిక్ పీడనమూ తరాజు పళ్ళేల వలె ఊగుతాయని కనుగొన్నాడు. భారతదేశపు వానను చెప్పడానికి ఆయన దక్షిణ అమెరికాను చదవవలసివచ్చింది. అయితే ఆ గొలుసు యంత్రం వంటిది కాదు. 2015 ఎల్‌నినోలో భారతదేశానికి వాన తగ్గింది. 1997లో సుమత్రా తగలబడుతుండగా భారతదేశంలో వాన మామూలుగానే కురిసింది.

పొగ రావడానికి కొన్ని రోజులు పడుతుంది, జాగ్రత్తపడడానికి వ్యవధి ఉంటుంది. సుమత్రా వైపు నుంచి అంత వ్యవధి ఇవ్వకుండా వచ్చేది మరొకటి ఉన్నది. 2004 డిసెంబరు 26, ఆదివారం, పున్నమి. భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా ఉత్తరపు కొసన సముద్రగర్భం కదిలింది. భూకంప తీవ్రత 9.1. నాలుగు కిలోమీటర్ల లోతు గల సముద్రంలో సునామీ అల గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అక్కడి నుంచి ఆంధ్రతీరం దాదాపు 2,000 కిలోమీటర్లు. అంటే నెల్లూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల తీరాలకు రెండున్నర గంటలకు పైగా గడువు ఉన్నది. ఆ గడువు ఉన్నదని తీరంలో ఎవరికీ తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా చనిపోయారు. తమిళనాడులో వేలమంది. సుమత్రా అన్న పేరును చాలా మత్స్యకార కుటుంబాలు మొదటిసారి విన్నది ఆ సాయంత్రమే. సింగపూర్‌కు మాత్రం ఏమీ కాలేదు, మధ్యలో సుమత్రాయే గోడలా అడ్డుగా ఉన్నది గనుక.

ఆనాడే థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవి, మాయ్ ఖావ్ తీరంలో సెలవులకు వచ్చిన టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఆంగ్ల బాలిక సముద్రం నురగలు కక్కుతూ వింతగా ఉబకడం గమనించింది. రెండు వారాల ముందు భూగోళం తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పిన పాఠం ఆమెకు గుర్తున్నది. తల్లిదండ్రులను నమ్మించడానికి ఆమె కేకలు పెట్టవలసివచ్చింది. ఆ తీరం నుంచి సుమారు వందమంది ఒడ్డెక్కి బ్రతికారు. భూకంప కేంద్రానికి అతిచేరువలో ఉన్న సిమెయులూ దీవిలో బడి పాఠంతో పని లేకపోయింది. 1907లో అక్కడ ఒక సునామీ వచ్చింది. దానికి వారి భాషలో 'స్మోంగ్' అని పేరు. నేల గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి పోతే కొండకు పరుగెత్తమని పెద్దలు జోలపాటలలోనూ కథలలోనూ చెబుతూ వచ్చారు. 2004లో ఆ దీవి జనాభా సుమారు 78,000. మరణించినవారు ఏడుగురు.

తమ తీరాన్ని గురించిన ఎరుక సిమెయులూ వారిది. తన ఊరు కాని తీరాన్ని గురించిన ఎరుక టిల్లీది. ఆమె ఇంగ్లండులో సునామీ లేదు. నిరుపయోగమని పరీక్షలో మార్కుల కోసం చదివి మరచిపోదగిన పాఠం ఏదైనా ఉంటే అది అదే. రెండు వారాల తరువాత ఏ పాఠం పనికివస్తుందో ఏ పాఠ్యప్రణాళికా సంఘమూ ముందుగా చెప్పలేదు. అందువల్లనే 'నీకు అవసరమైనంత మేరకే నేర్చుకో' అన్న సలహా పైకి వివేకంగా వినిపించినా లోన డొల్ల.

భారత సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలయింది. అది ఏ రేవుపట్నంలోనూ లేదు, హైదరాబాదులో ఉన్నది, బాపట్ల తీరానికి సుమారు 270 కిలోమీటర్ల లోపల. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద మళ్ళీ 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు భూఫలకాలు పైకి లేవక పక్కలకు జరిగినందున పెద్ద అల పుట్టలేదు. ఆ కేంద్రంలో రాత్రింబవళ్ళు కాపలా ఉండేవారు ముఖ్యంగా రెండు చోట్లను కనిపెట్టి ఉంటారు. ఒకటి సుమత్రా-అండమాన్ అగాధం. మరొకటి పాకిస్తాన్, ఇరాన్‌ల తీరం వెంబడి ఉన్న మక్రాన్. ఈ రెండవ పేరు విన్న తెలుగువారు బహు కొద్దిమంది. 1945 నవంబరు 28న అక్కడ పుట్టిన అలలు ముంబయి దాకా వచ్చాయి.